అరగని అంచు

లియెక్సాలో చలికాలం
మధ్యాహ్నం మూడింటికే దుకాణం కట్టేస్తుంది.
నా కొట్టు మాత్రం రాత్రి తొమ్మిది దాకా.
రింక్ మెట్ల కింద నిలబడితే తల తగిలే గది,
ఒక సానచక్రం, ఒక స్టూలు, నూనె గుడ్డలు.
ఊరి పాదాలన్నీ నా ఒళ్ళో కాసేపు కూచుని
మంచు మీదికి వెళ్తాయి.

ముఖాలు నాకు గుర్తుండవు.
ఉక్కు గుర్తుంటుంది.
ఈ జత వడ్రంగి కొడుకుది, బరువంతా మడమ మీదే.
ఇది మందుల షాపావిడది,
తుడవకుండా సంచిలో పడేస్తుంది, ఎన్నిసార్లు మొత్తుకున్నా;
వాదర నిండా తుప్పు, కారప్పొడి చల్లినట్టు.
ఇది గోలీ హన్నెస్‌ది.
పక్కకి జరగడమే తప్ప
ముందుకి వెళ్ళిన జాడ లేదు పాపం.

సైమి జత మొదటిసారి చేతికొచ్చినప్పుడు
కుడికాలి లోపలి అంచు
చప్పరించిన బిళ్ళలా కరిగిపోయి ఉంది.
ఎడమకాలి లోపలి అంచు
కొన్ననాడు ఎలా ఉందో అలాగే.

"గాడి ఇంకా లోతుగా తియ్యి ఓస్మో,
మంచు పట్టడం లేదు" అంది.
పదమూడేళ్ళు. అన్న విడిచిన స్కేట్లు,
ఖాళీ నింపడానికి రెండేసి ఉన్ని మేజోళ్ళు.
కొత్తవి కొంటే ఆట దానంతటదే వస్తుందని
కళ్ళలో కనిపిస్తూనే ఉంది.

నాణెం తీసి వాదర మీద అడ్డంగా పెట్టాను.
ఎటూ ఒరగలేదు.
"రెండంచులూ సమానం. సానలో తప్పు లేదు.
నువ్వు ఎడమకి తిరిగే ఆగుతావు కదూ?
కుడికి తిరగాల్సి వస్తే
చుట్టూ వెళ్ళి వస్తావు.
అప్పటికి పక్ ఎవరి దగ్గరో ఉంటుంది."

ఎవరు చెప్పారు అంది, కోపంగా.
ఇనుము చాడీలు చెప్తుంది అన్నాను.

గాడి లోతు చెయ్యలేదు.
లోతు పెరిగితే మంచుని కరుస్తుంది, నిజమే,
కానీ జారడం మర్చిపోతుంది.
ఒక జత మేజోళ్ళు విప్పించాను.
చీలమండ దగ్గర లేసు ఎలా బిగించాలో చూపించాను.
ముక్కు దాకా వస్తున్న కర్రని
గడ్డం దగ్గరికి కోసిచ్చాను.
డబ్బులు వద్దన్నాను,
బల్ల మీద విసిరినట్టు పెట్టి వెళ్ళింది.

జనవరి.
ఇంకా తెల్లవారని తెల్లవారుజాము.
కాఫీ పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే
పియెలినెన్ సరస్సు మీద
నుదుటి దీపమొకటి పరుగెడుతోంది.
ఉన్నట్టుండి తిరిగింది, నేలకి పడింది.
లేచింది. వెనక్కి వెళ్ళింది.
మళ్ళీ అక్కడికే వచ్చి మళ్ళీ పడింది.
పదిహేడు దాకా లెక్కపెట్టాను.
కాఫీ చల్లారిపోయింది.

పదిరోజులకి జత తెచ్చింది.
నేనేం అడగలేదు, తనేం చెప్పలేదు.
మోచేతి దగ్గర కోటు చిరిగి
వేరే రంగు దారంతో కుట్టి ఉంది.
ఎడమ లోపలి అంచు మీద గోరు గీసి చూశాను.
పొట్టు రాలేదు. మొద్దుబారింది.
అక్కడక్కడా పళ్ళూడినట్టు నొక్కులు.
ఇంత అందంగా పాడైన ఉక్కుని
ఈ మధ్య చూడలేదు.
మామూలుగా నాలుగు వరసలు చాలు;
ఆరోజు తొమ్మిది తిప్పాను,
గదంతా నిప్పురవ్వలు.

నుర్మెస్ వాళ్ళతో ఆట జరిగినరోజు
నేను మెట్ల కిందే ఉన్నాను.
ఇరవై ఏళ్ళుగా ఆట చూడలేదు నేను, వింటాను.
తన కుడికాలు ఆగితే ఒకటే చప్పుడు,
బట్ట చింపినట్టు చర్రున.
రెండో భాగంలో ఇంకోటి వినపడింది.
చర్... మధ్యలో చిన్న సందేహం... ర్ర్.
ఆగింది. పడలేదు.
నాలుగు-ఒకటితో ఓడిపోయారు.
ఆ ఒకటి తనది కాదు.

తొమ్మిదింటికి చక్రం ఆపి
తలుపు వెనక మేకుకున్న నా పాత జత దించాను.
ఎడమ లోపలి అంచు
యాభై రెండేళ్ళుగా కొత్తదే.
గోడకి గుద్దుకుని ఆగేవాణ్ణి నేను,
అందరూ దాన్ని తెగింపు అనుకునేవారు.

తుప్పు మాత్రం తుడిచాను.
లైటు ఆర్పబోయి
మళ్ళీ స్టూలు మీద కూచున్నాను.